మద్దాల రత్నమాణిక్యం, మొదటి సెమిస్టర్

మా నందిలంక డిగ్రీ కాలేజీలో సలహాలివ్వడం అనేది పూర్వం చాలా అనాగరికంగా జరిగేది. వృక్షశాస్త్రం ల్యాబు బయట, చేతులు కడుక్కునే సింకు పక్కన, లెక్చరరు మద్దాల రత్నమాణిక్యం గారు ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ నిలబడేవారు. ఎవరో ఒక పిల్ల వచ్చి, "మేడం, బీయెడ్‌కి వెళ్ళనా, ఎమ్మెస్సీకి వెళ్ళనా?" అని అడిగేది. ఆవిడ ముందు తనే నాలుగు ప్రశ్నలు వేసేవారు. మీ నాన్నేం చేస్తాడు, పొద్దున్నే లేవగలవా, ఏ పుస్తకం తెరిస్తే నీకు నిద్ర రాదు, ఇలాంటివి. ఐదో మాటగా జవాబు చెప్పేవారు. పిల్లలు వెళ్ళి అలాగే చేసేవారు. చాలామంది బాగుపడ్డారు కూడా. కాని అందుకు రుజువు లేదు.

రుజువు లేదన్న సంగతి కిందటేడు పరిశీలక బృందం వచ్చినప్పుడు బయటపడింది. "గత విద్యాసంవత్సరంలో మీ సంస్థ ద్వారా ఎన్ని సలహాలు ఇవ్వబడినవి?" అని బృందం నాయకుడు అడిగాడు. ప్రిన్సిపాల్ దంతులూరి విజయగోపాలరాజు గారు నావైపు చూశారు. నేను అక్కడ ఆఫీసు సూపరింటెండెంటుని. నా బీరువాలో లేని కాగితం లేదని పేరు. సలహాల ఫైలు మాత్రం లేదు. ఆ క్షణంలోనే కిటికీ అవతల, సింకు దగ్గర, మాణిక్యం మేడం ఎవరికో ఏదో చెబుతున్నారు. అందరం చూస్తూనే ఉన్నాం. నాయకుడు కూడా చూసి, "అది సంభాషణ" అని రాసుకున్నాడు. సలహాల విభాగంలో మాకు సున్నా వచ్చింది.

ఒక్క మాకే కాదు, చుట్టుపక్కల కాలేజీలన్నిటికీ సున్నాలే వచ్చాయట. అందుచేత యూనివర్సిటీవారు మూడు నెలలు మేధోమథనం చేసి 'విద్యార్థి హితైషిణి' అనే డిజిటల్ సలహా వ్యవస్థను రప్పించారు. దానిని మాకు పరిచయం చెయ్యడానికి సమన్వయాధికారి ఉపద్రష్ట ఆదిశేషు గారు స్వయంగా వచ్చారు. పొడుగ్గా, ఇస్త్రీ చెదరకుండా ఉంటారు. మంచినీళ్ళు అడిగినా లేఖ రాసినట్టే అడుగుతారు.

"ఇకమీదట సలహా వ్యక్తినిష్ఠం కాదు, దత్తాంశనిష్ఠం" అని ఆయన ప్రారంభించారు. "విద్యార్థి తన సందేహాన్ని ఫోనులో నమోదు చేయును. డెబ్భైరెండు గంటలలో వ్యవస్థ సమాధానమిచ్చును. నమోదు కాని సలహా ఇవ్వబడనట్లే. ఇవ్వబడనిది స్వీకరింపబడజాలదు. కనుక అధ్యాపకులు గాని, ఇతర సిబ్బంది గాని నోటితో సలహా ఇచ్చినచో క్రమశిక్షణా చర్యలకు పాత్రులగుదురు."

మాణిక్యం మేడం చెయ్యెత్తారు. "పిల్లాడు మెట్ల మీంచి పడబోతుంటే 'చూసుకోరా' అనొచ్చాండి?"

ఆదిశేషు గారు నిజాయితీగా ఆలోచించారు. "అది హెచ్చరిక. హెచ్చరికలకు ప్రత్యేక విభాగం రూపొందుతోంది. అంతవరకు వేచి ఉండగలరు."

"మరి పిల్లలు వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటేనో?"

"అది సహాధ్యాయి సహకారం. నూతన విద్యకు ఊపిరి. దానికి హద్దులు లేవు."

మరుసటిరోజు నుంచి మేడం టీ ఒంటరిగా తాగడం మొదలుపెట్టారు.

కొల్లాటి హేమశ్రీ అనే అమ్మాయి సంగతి ఇక్కడ చెప్పాలి. జంతుశాస్త్రం ప్రధానంగా రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి ఉప్పుటేరు పక్కన ఎవరివో రొయ్యల చెరువులకు కాపలా ఉంటాడు. రెండేళ్ళ క్రితం వైట్ స్పాట్ రోగం వచ్చి, ఒక్క వారంలో చెరువు చెరువంతా రొయ్యలు చచ్చి తేలిపోవడం ఆ పిల్ల గట్టు మీద నిలబడి చూసింది. నీళ్ళు ముందే పరీక్ష చేసి ఉంటే తెలిసేదని ఎవరో అన్నారు. అప్పట్నించీ నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు పెట్టాలని దాని పట్టుదల. అందుకని రెండో సబ్జెక్టుగా ఆక్వాకల్చర్ కోరుకుంది. హితైషిణి జాబితాలో 'ఆ' అక్షరం దాకా సరిగానే వెళ్ళి, ఒక్క వరస కిందికి జారింది. హేమశ్రీకి 'ఆతిథ్య నిర్వహణ' వచ్చింది. అంటే హోటలు పనులు. ముప్ఫయ్యో తారీకులోగా మార్పించుకోకపోతే డిగ్రీ అయ్యేదాకా అదే.

పిల్ల ఫోనులో సందేహం నమోదు చేసింది. మూడోరోజున జవాబు వచ్చింది: 'ప్రియమైన విద్యార్థీ, మీ ప్రశ్న మాకు అమూల్యం. మీ భవిష్యత్తు ఉజ్వలంగా ఉన్నది. రోజుకు రెండు లీటర్ల నీరు తాగండి.' మళ్ళీ అడిగింది. 'ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగినందున మీలో ఏకాగ్రతా లోపం గుర్తించబడినది' అని చెప్పి, హితైషిణి ఆ పిల్ల పేరును పసుపు రంగులోకి మార్చింది. మూడోసారి అడిగితే ఎరుపులోకి మార్చి, ధ్యానం చెయ్యమంది.

అప్పుడొచ్చింది సింకు దగ్గరికి. స్టాకు రిజిస్టరు మీద మేడం సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను.

"మేడం, నేను వంటలు నేర్చుకోడానికి రాలేదండి ఇక్కడికి" అంది హేమశ్రీ. ఏడవలేదు గాని, ఎర్ర రంగులో ఉన్న తన పేరును ఫోనులో చూపించింది. "ఎవర్ని అడగాలో అదైనా చెప్పండి."

మేడం నావైపు చూశారు. పెదవులు బిగించారు. "చెప్పకూడదమ్మా."

"పోనీ నేను చెప్తానండి. తప్పయితే తల అడ్డంగా ఊపండి."

తల ఊపడం గురించి యూనివర్సిటీ సర్క్యులరులో ప్రస్తావన లేదు. నేను నియమాలకు విరుద్ధంగా ఏదీ చెయ్యను కనుక, ఆ మధ్యాహ్నమే యూనివర్సిటీకి స్పష్టత కోరుతూ రాశాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది. 'తల ఊపుట అనునది సలహా యొక్క మౌఖికేతర రూపము. నిలువుగానైనను, అడ్డముగానైనను నిషిద్ధము.' అప్పటికి తారీకు ఇరవై రెండు.

మేడం ఆ కాగితం చదివి, మడిచి, నా కంప్యూటరు ముందు కూర్చున్నారు. "పిల్ల సరిగ్గా అడగలేదేమోనండి. నేనడుగుతాను" అన్నారు. కాని సిబ్బంది పేజీలో ప్రశ్న రాసే గడి లేదు. సిబ్బందికి సందేహాలుండవని వ్యవస్థ ఉద్దేశం. ఆవిడ కాసేపు వెతికి 'నూతన విద్యార్థి' అన్నచోట నొక్కి, తన పేరు, పుట్టిన తేదీ, వేలిముద్ర ఇచ్చి, హేమశ్రీ కథంతా పది వాక్యాల్లో వివరంగా రాశారు.

జవాబు వెంటనే వచ్చింది. 'స్వాగతం, రత్నమాణిక్యం. మీ ప్రవేశ సంఖ్య 412. మొదటి సెమిస్టర్, వృక్షశాస్త్రం.'

మర్నాడు సిబ్బంది హాజరు యంత్రం ఆవిడ వేలిని ఒప్పుకోలేదు. నేను ఆదిశేషు గారికి ఫోన్ చేశాను.

"వ్యవస్థలో ఒక వ్యక్తికి ఒకే పాత్ర" అన్నారాయన. "రెండు పాత్రల మధ్య వివాదం ఏర్పడినచో విద్యార్థి పాత్రయే నెగ్గును. మాది విద్యార్థి కేంద్రిత వ్యవస్థ."

"ఆవిడ ఇరవయ్యారేళ్ళుగా ఇక్కడ పాఠాలు చెబుతున్నారండి."

"ఇరవయ్యారు సంవత్సరాలుగా కళాశాలకు వస్తూ ఒక్క క్రెడిట్టు కూడా సాధించలేదని వ్యవస్థ సైతం గుర్తించింది. హాజరు శూన్యం. ఆమెను ముదురు ఎరుపులో ఉంచడం జరిగింది. నిబంధనల మేరకు తల్లిదండ్రులను పిలిపించండి."

మేడం తండ్రి లేరు. తల్లి అచ్చియ్యమ్మ గారికి ఎనభై ఒకటి. ఇరవై అయిదో తారీకున ఆవిడ ఆటోలో దిగి, కర్ర పొడుచుకుంటూ, ఇస్త్రీ చీర కట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చారు. ముదురు ఎరుపు కనుక ఆదిశేషు గారు కూడా వచ్చారు. మేడం ఒక మూల చేతులు కట్టుకుని నిలబడ్డారు. విద్యార్థులకు ఆ గదిలో కుర్చీ వెయ్యరు.

"ఆయ్, మా అమ్మాయేనండి" అన్నారు అచ్చియ్యమ్మ గారు. "ఏం జేసిందండి?"

"అమ్మా, మీ కుమార్తె విద్యాప్రగతి ఆందోళనకరంగా ఉన్నది. కుటుంబ పర్యవేక్షణ కొరవడినట్లు వ్యవస్థ అభిప్రాయపడుతోంది."

"రోజూ పొద్దున్నే కేరేజీ కట్టుకునే బయల్దేరద్దండి. కాలేజీకనే చెప్పుద్ది."

"హాజరు శూన్యం, అమ్మా."

ముసలావిడ మెల్లగా కూతురివైపు తిరిగారు. "ఎక్కడికెల్తన్నావే ఇన్నేళ్ళూ?"

"ఇక్కడికేనే అమ్మా."

"మరి ఈ బాబు లేదంటన్నాడు గదే. సదూకున్నోడు, అబద్ధమాడతాడా?"

ప్రిన్సిపాల్ గారు తిరగని ఫ్యానును శ్రద్ధగా చూస్తున్నారు. అచ్చియ్యమ్మ గారు కాసేపు ఆలోచించి, "చిన్నప్పుట్నించీ అంతేనండి. మొక్కలు కనపడితే ఆగిపోద్ది. దార్లో ఎక్కడో ఆగిపోతందేమో" అన్నారు. ఆదిశేషు గారు దానిని 'ప్రకృతి ఆకర్షణ వలన గైర్హాజరు' అని నమోదు చేశారు. 'ఇకమీదట మా అమ్మాయి తరగతులకు సక్రమంగా హాజరగునట్లు చూచుకొందును' అన్న హామీపత్రం మీద ఆవిడ వేలిముద్ర వేసి, బయటికి వస్తూ నా చెయ్యి పట్టుకున్నారు.

"బాబూ, ఫెయిలైపోద్దంటారా?"

"చూద్దామండి" అన్నాను. అంతకంటే చెబితే అది సలహా అవుతుంది.

హామీ ఇచ్చిన ప్రకారం మేడం మర్నాడు రెండో పీరియడ్‌కి మొదటి సంవత్సరం క్లాసులోకి వెళ్ళి, మూడో బెంచీలో కూర్చున్నారు. హాజరు వేయడానికి నేనే వెళ్ళాను, ఎందుకంటే వృక్షశాస్త్రం లెక్చరరు పోస్టు ఇప్పుడు ఖాళీగా ఉంది. అధ్యాపకుడు లేని పీరియడ్‌లో విద్యార్థులు స్వయంగా చదువుకోవాలని నియమం. నాలుగు వందల పన్నెండు అని పిలిచాను. "ప్రెజెంట్ సార్" అన్నారావిడ. గొంతులో ఏ భావమూ లేదు గాని, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇరవయ్యారేళ్ళలో ఆవిడ నన్ను సార్ అనడం అదే మొదలు. నాకు ఆ పూట భోజనం సయించలేదు.

పిల్లలు కాసేపు పుస్తకాలకేసి చూశారు. తర్వాత మేడం పక్కనున్న అమ్మాయి, ఆకులో పిండిపదార్థం ఎలా తయారవుతుందో అర్థం కాలేదని గొణిగింది. మేడం అలవాటు కొద్దీ నోట్సు తిప్పి బొమ్మ గీసి చెప్పడం మొదలెట్టారు. ముందు బెంచీవాళ్ళు వెనక్కి తిరిగారు. వెనక బెంచీలవాళ్ళు ముందుకు జరిగారు. కాసేపటికి కొందరు లేచి బెంచీలనే తిప్పి వేసుకున్నారు. నల్లబల్ల వైపు అందరి వీపులూ, మూడో బెంచీ వైపు అందరి ముఖాలూ. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

నేను గుమ్మంలో నిలబడి ఉండగా మేడం మాట మధ్యలో ఆపేశారు.

"సూపరింటెండెంటు గారూ, నేనిప్పుడు విద్యార్థినే కదండీ?"

"అవునండి. ప్రవేశ సంఖ్య కూడా ఉంది."

"పిల్లలు పిల్లలకి చెప్పుకోవచ్చన్నారాయన."

"హద్దులు లేవన్నారండి."

ఆవిడ పెన్ను మూత పెట్టి, "రెండో సంవత్సరంలో ఉన్న నా తోటి విద్యార్థిని కొల్లాటి హేమశ్రీని ఒకసారి పిలిపించండి" అన్నారు.

హేమశ్రీ పరుగున వచ్చింది. మేడం బెంచీలో జరిగి చోటిచ్చారు.

"ఫోనులో కొట్టడం ఆపెయ్యి. తెల్లకాగితం మీద రిజిస్ట్రారు గారికి అర్జీ రాయి. నువ్వు సంతకం పెట్టిన ఆప్షను కాగితం ఈయన బీరువాలో ఉంటుంది, దాని నకలు జతచెయ్యి. ప్రిన్సిపాల్ గారి సంతకం నేను పెట్టిస్తాను. పోస్టులో వెయ్యకు. రేపు ఏడింటి బస్సుకి వెళ్ళి చేత్తో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. మీ నాన్నని తీసుకెళ్ళు, పిల్లవొక్కదానివే వెళితే రేపు రమ్మంటారు. సంతకం అయ్యేదాకా అక్కణ్ణించి కదలకండి."

రెండు నిమిషాలు పట్టింది. హేమశ్రీ అవన్నీ అరచేతి మీద రాసుకుంది.

ఇరవై ఏడున తండ్రీ కూతుళ్ళు వెళ్ళి పొద్దుగుంకే దాకా కౌంటరు దగ్గరే నిలబడ్డారట. సాయంత్రం ఎవరో అధికారి, వీళ్ళు పోతే గాని తను ఇంటికి పోలేనని గ్రహించి సంతకం పెట్టాడు. ఇరవై ఎనిమిదిన హేమశ్రీ ఆ ఉత్తర్వు తెచ్చి మూడో బెంచీ మీద పెట్టింది. మేడం రెండుసార్లు చదివారు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. మేడం దాని వీపు మీద ఓ దెబ్బ వేసి, "ఆక్వా రికార్డు బుక్కు కొన్నావా లేదా?" అని అడిగారు.

ఆ వారం నుంచి మూడో బెంచీ దగ్గర వరస మొదలైంది. బీకాం పిల్లలొచ్చారు, పాత విద్యార్థులొచ్చారు, ఒకరిద్దరు తల్లులు కూడా వచ్చారు. ప్రతి మాటా 'సహాధ్యాయి సహకారం' కింద నేనే నమోదు చేశాను. నెల తిరిగేసరికి ఆ సూచీలో మా కాలేజీ యూనివర్సిటీ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచింది. అభినందన పత్రం వచ్చింది. అది చూసిన మిగతా లెక్చరర్లకు కూడా పిల్లలతో మాట్లాడాలని ఎప్పటినుంచో ఉన్నట్టు తెలిసింది. తెలుగు మేష్టారు మొదటి సెమిస్టర్ గణితంలో చేరారు. గణితం మేష్టారు తెలుగులో చేరారు. ప్రిన్సిపాల్ గారు తన హోదాకు తగ్గట్టు పీజీలో చేర్చమని అడిగారు. మాకు పీజీ లేదు. చివరికి గదికి దగ్గరని కామర్సులో చేరి, మొదటి బెంచీయే కావాలన్నారు. జీతాల సంగతి అడగకండి. ట్రెజరీవారు ఇంకా కాగితాల మీదే నడుస్తున్నారు, హితైషిణి పేరు వాళ్ళు వినలేదు. కనుక అవి వస్తూనే ఉన్నాయి.

డిసెంబరు నాటికి మా సిబ్బంది పట్టికలో మిగిలింది నేనొక్కణ్ణే. అన్ని శాఖల అధిపతిగానూ నన్ను నియమిస్తూ ఉత్తర్వులొచ్చాయి. సెమిస్టర్ ఫలితాలు చూస్తే అంతకుముందు ఎన్నడూ లేనంత బాగున్నాయి. 'అధ్యాపకులు లేనందువలన సాధించిన ప్రగతి' మీద అధ్యయనం చెయ్యడానికి జనవరిలో ఆదిశేషు గారు దిగారు.

పొద్దున్నంతా కాలేజీ తిరిగి చూశారు. బెంచీల దిశలు కొలిచారు. "ఈ ఆదర్శ నమూనాను ఇతర కళాశాలలకు విస్తరింపజేయవలసి ఉన్నది" అన్నారు. మధ్యాహ్నం భోజనం సగంలో వదిలేసి నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేశారు.

"ప్రవేశ దరఖాస్తు ఒకటి కావలెను."

"ఎవరికండి?"

"నాకే." ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నారు. "క్షేత్రస్థాయి అనుభవం నిమిత్తం."

నేను నమోదు చేశాను. సంఖ్య 431. ఆయన ఐదో పీరియడ్ మధ్యలో క్లాసులోకి వెళ్ళి, వరసలో ఉన్న ఇద్దరు పిల్లల వెనక నిలబడ్డారు. తన వంతు వచ్చాక మూడో బెంచీలో మేడం పక్కన ఇరుకుగా కూర్చున్నారు. హాజరు పుస్తకంతో నేను ఆ వెనకే ఉన్నాను.

"మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం" అన్నారు. గొంతులో లేఖ లేదు. "ఇంజనీరింగా, మెడిసినా అని మూడు నెలల్నించి చూస్తున్నామండి. మార్కులన్నీ ఉన్నాయి నా దగ్గర. గత ఐదేళ్ళ ర్యాంకులూ ఉన్నాయి. హితైషిణిలో పెట్టాను, అటు డెబ్భై మూడు శాతం, ఇటు డెబ్భై మూడు శాతం అంది. వారం రోజుల్నించి పిల్ల సరిగ్గా అన్నం తినట్లేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు." ఫోను తీసి ఏవో గీతలు, రంగులు చూపించబోయారు.

మేడం ఫోనుకేసి చూడలేదు. "అమ్మాయేమంటోందండీ?"

"అంటే?"

"తనకేం కావాలంటోంది?"

ఆదిశేషు గారు ఫోను మెల్లగా జేబులో పెట్టుకున్నారు. చుట్టూ ఉన్న పిల్లలు మర్యాదగా నోట్సుల్లోకి చూశారు.

"అడగలేదండి" అన్నారు చివరికి.

"అయితే అడిగి రండి. తొందరేం లేదు, నేనిక్కడే ఉంటాను. నాలుగేళ్ళ కోర్సు కదా."

ఆయన లేచి వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశారు. "తిన్నావామ్మా?" అనడం వినిపించింది. తర్వాత ఇంకేదో చిన్నగా అడిగారు. ఆరో పీరియడ్ గంట కొట్టారు, పిల్లలు ఆయన్ని తప్పుకుంటూ అటూ ఇటూ పోతున్నారు, ఆయన గోడకి ఆనుకుని వింటూనే ఉన్నారు.

నేను హాజరు పిలిచాను. నాలుగు వందల ముప్ఫై ఒకటికి ఎవరూ పలకలేదు. గైర్హాజరు వేశాను.